కుడి చెవి గుర్తు

మా ఇంటి గొర్రెకు కుడి చెవి కింది అంచున వేలి గోరంత కోత ఉంటుంది. మా బావ ఇంటి గొర్రెకు ఎడమ చెవి కొస కోసి ఉంటుంది. బావ అంటే నా పెనిమిటికి సొంత అన్న. పొయ్యిలు వేరైనా అన్నదమ్ములిద్దరూ మందను కలిపే మేపేవాళ్లు. ఎన్ని గొర్రెలు కలిసిపోయినా సరే, దొడ్డిలో చెవి పట్టుకుంటే ఎవరిదో తెలిసిపోతుంది. పిల్ల పుట్టి నెల తిరగక ముందే కోత పెట్టాలి. ఒకసారి పెట్టాక దాని జన్మంతా అదే గుర్తు.

జైలు సంగతి చెప్తానని చెవుల దగ్గర మొదలుపెట్టిందేమిటి ఈమె అనుకోకండి. మా ఇంట్లో జైలు సంగతి చివరికి చెవుల దగ్గరికే వచ్చింది.

మాది పాలమూరు దిక్కు, కల్వకుర్తి అవతల ఒక పల్లె. వానాకాలం వరి కోతలు అయిపోయాక మా దగ్గర మేత ఉండదు. మగవాళ్లు మందలు తోలుకుని సాగర్ కాలువ కింది పొలాలకు, నల్గొండ జిల్లాకు పోతారు. కోసిన వరిమళ్లలో మేపుకుంటూ, మళ్లీ తొలకరికి ఊరు చేరతారు. ఆడవాళ్లం ఊళ్లోనే ఉండి పత్తి ఏరడానికో మిరపకాయ కోయడానికో కూలికి పోతాం. ఆ ఆరు నెలలూ ఎవరి మొగుడు ఎక్కడున్నాడని ఎవరూ అడగరు. మంద వెంట ఉన్నాడంటే అయిపోయింది.

ఆ యేడు మంద ఒక రైతు పెసర చేనులో పడింది. రైతు తిట్టాడు, ఒక గొర్రెను పట్టుకున్నాడు. మాటా మాటా పెరిగింది. మా బావ చేతిలోని కర్ర ఆ రైతు తల మీద పడింది. ఆయన చాలా రోజులు దవాఖానలో ఉండి బతికి బయటపడ్డాడు. ఆయన ఇంటివాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. వాళ్ల నెత్తురు పోయింది.

పోలీసులు వచ్చేలోపు మా బావ నా పెనిమిటిని పక్కకు పిలిచాడట. ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు నాకు తర్వాత ఎప్పుడో నా పెనిమిటి చెప్పినవి.

"తమ్మీ, నాకు షుగరు. దినాం సూది పడకపోతె జైల్ల నాలుగొద్దులు బతుక. కర్ర నాదే అని నువ్వు ఒప్పుకో. భూమి పాసు పుస్తకం నా పేరు మీదనే ఉన్నది గద, జమానతు నేనే పెడ్త. నెల తిరిగేసరికి నిన్ను ఇంట్ల నిలవెడ్త."

"సరే అన్నా" అన్నాడట ఈయన. అంతే. గొర్రెకు నీళ్లు పెట్టమంటే ఎలా సరే అంటాడో, అలాగే అన్నాడు.

మామ నుంచి వచ్చిన భూమి ఇద్దరిదీ. కాగితం మీద మాత్రం అది పెద్దవాడిది ఒక్కడిదే. మాకు అనుమానం రాలేదు. మందలో గొర్రెలు కలిసి తిరిగినట్టే భూమి కూడా కలిసే ఉందనుకున్నాం.

బావ మందను జీతగాళ్లకు అప్పజెప్పి ఊరికి వచ్చి, మా వాకిట్లో కూర్చుని, కర్ర తనదైనా తమ్ముడు ఒప్పుకుని జైలుకు పోయాడని చెప్పాడు, జమానతు, అదే పూచీ సంతకం, తనే పెడతానన్నాడు. నేను నెత్తి కొట్టుకుంటే చేయి పట్టి ఆపాడు.

"ఏడ్వకు పిల్లా. ఏడిస్తె ఊరంత ఎర్కైతది. జైలు అని ఎవ్వరికి చెప్పకు. మంద వెంట ఉన్నడని చెప్పు. మందల పోయినోన్ని ఎవడడుగుతడు?"

ఆ మాట నాకు నచ్చింది. నిజం చెప్తున్నాను, ఆ వేళ మా బావ దేవుడిలా కనిపించాడు. బిడ్డ గురుకులంలో చదువుతోంది. దాని తోటి పిల్లలు నాలుగు మాటలు అంటారని నా భయం. అందుకని ఊరందరికీ చెప్పాను, మంద వెంట ఉన్నాడని. నా తల్లిగారింటికి చెప్పాను. నాతో పాటు ఇరవై ఏళ్లుగా పక్క సాలులో కూలి చేసే మా వదినకూ అదే చెప్పాను. వదిన అంటే చుట్టం కాదు. వాళ్లది చర్చికి పోయే ఇల్లు, మాది మల్లన్నను కొలిచే ఇల్లు. కూలి పనుల్లో కలిసిన వరస అది. ఆమెకు అబద్ధం చెప్పినప్పుడు మాత్రం పత్తికాయ మీద నా చేయి ఒక ఘడియ ఆగింది.

మీ ఇంట్లో ఎవరైనా లోపలికి పోతే మొట్టమొదట చేయవలసిన పని ఇదే అమ్మా: నలుగురికి చెప్పండి. ఊరంతా దండోరా వేయమనడం లేదు. మీ కోసం సంతకం పెట్టగలిగిన నలుగురికి చెప్పండి. నేను చెప్పలేదు.

మొదటిసారి ములాఖత్‌కు పోయినప్పుడు నల్గొండ జైలుకు జొన్న రొట్టెలు, ఎండు చేపల పులుసు కట్టుకుని పోయాను. కల్వకుర్తిలో ఒక బస్సు, దేవరకొండలో ఇంకో బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి పోగలిగాను. గేటు దగ్గర కానిస్టేబులు మూట వాసన చూశాడు.

"ఇంటి తిండి లోపలికి పోదమ్మా."

"ఆయనకు శాపలంటె పానం సారూ."

"నాకూ పానమే. ఏం చేద్దాం? ఆ చెట్టు కింద కూసొని నువ్వే తిను. బస్సుల శాన దూరం కెల్లి వచ్చినట్టున్నవ్."

తిన్నాను. ఆకలి సిగ్గుపడదు కదా. తింటుంటే కన్నీళ్లు పులుసులో పడ్డాయి.

ఆ రోజు నుంచి ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. ఆధార్ జిరాక్సులు రెండు సంచిలో ఎప్పుడూ ఉండాలి. పొద్దున్నే పోయి పేరు రాయించుకోవాలి, మధ్యాహ్నం పోతే రేపు రమ్మంటారు. బట్టలు ఇవ్వాలంటే లోపల ఏవి తీసుకుంటారో ముందే అడగాలి. మందు బిళ్లలు డాక్టరు చీటీతో గేటులో ఇవ్వాలి, చీర కొంగులో దాచి ఇవ్వబోతే ఆయనకే కష్టం. లోపలి నుంచి వారానికి కొన్నిసార్లు ఇంటికి ఫోను చేసుకోనిస్తారు. దానికి ఒక నంబరు రాయించాలి. ఆ నంబరు మీదే రాయించండి. మా ఇంట్లో బావే పోయి తన నంబరు రాయించి వచ్చాడు. "నీకు ఫోనెత్తుడు సరిగ రాదు గద పిల్లా" అన్నాడు. అదీ మంచికే అనుకున్నాను.

ములాఖత్ అంటే కూర్చుని మాట్లాడుకోవడం అనుకున్నాను. అది ఇనుప జాలీకి అటు పది మంది, ఇటు పది మంది నిలబడి అరవడం. ఒకామె కొడుకును తిడుతోంది, ఒకాయన పసిపిల్లను ఎత్తి చూపిస్తున్నాడు. ఆ గోలలో మా ఆయన మొహం జాలీకి ఆనించి అడిగిన మొదటి మాట:

"పిల్లలకు చెవులు కోసిండ్రా?"

గొర్రెపిల్లల సంగతి అది. మంద ఈనే కాలం.

"కోసిండ్రట. బావ చెప్పిండు. మన గుర్తే పెట్టిండ్రట" అని అరిచాను.

"బొల్లిది?"

బొల్లి అంటే ముఖం మీద తెల్ల మచ్చ ఉన్న మా నల్ల గొర్రె. ఆయన దాన్ని చేతి మీద పెంచాడు.

"ఇంక ఈనలేదంట."

పోయిన ప్రతిసారీ ఇదే ముచ్చట. ఆయన చెవుల సంగతి అడుగుతాడు, నేను ఏడుస్తాను, బెల్లు కొడతారు. కేసు ఏమైందని నేను ఆయనను అడగలేదు, ఆయన నన్ను అడగలేదు. అది బావ చూసుకుంటున్నాడు కదా అని ఇద్దరి ధీమా. మీరు ఆ పని చేయకండి. జాలీ దగ్గరికి పోగానే మొదటి మాట కేసు గురించి అడగండి. వాయిదా ఎప్పుడు, వకీలు ఏమన్నాడు, కాగితం ఏదైనా వచ్చిందా. ఏడుపు చివరికి పెట్టుకోండి, బస్సులో ఏడవడానికి చాలా దూరం ఉంటుంది.

నెల తిరిగింది. బెయిలు రాలేదన్నాడు బావ. రెండో నెల జడ్జి సెలవులో ఉన్నాడన్నాడు. తర్వాత ఒక రోజు పాలిథిన్ కవరులో పెట్టి ఒక కాగితం నాకిచ్చాడు. "దీని మీద కేసు నంబరు ఉన్నది. ములాఖత్ కాడ అడిగితె సూపెట్టు" అన్నాడు. అది ఇంగ్లీషు కాగితం. నేను నాలుగో తరగతి. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. కవరు విప్పకుండా అలాగే సంచిలో వేసుకుని తిరిగాను.

తొలకరి పడింది. మందలు ఊరికి మళ్లాయి. అందరి మగవాళ్లూ వచ్చారు, నావాడు రాలేదు. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏందే, నీ మొగడు కాల్వ కాడనే సంసారం పెట్టిండా?"

"పెట్టిండంట. దానికన్న నీళ్లు మోసే బాధ లేదు" అన్నాను. అందరం నవ్వాం. నవ్వి బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను.

మంద వచ్చిన మరునాటి పొద్దున పెంట ఎత్తడానికి దొడ్డిలోకి పోయాను. బొల్లి ఈనింది. పిల్ల తోక ఆడిస్తూ పాలు కుడుస్తోంది. నాకు సంతోషమై దగ్గరికి పోయి దాని కుడి చెవి పట్టుకున్నాను. చెవి నున్నగా ఉంది. ఎడమ చెవి కొస లేదు.

తల్లి చెవి మాది, పాలు తాగే పిల్ల చెవి బావది.

ఇంకో పిల్లను పట్టాను, ఇంకోదాన్ని పట్టాను. మా గొర్రెల కింద ఉన్న ప్రతి పిల్లకూ ఎడమ చెవి కొసే కోసి ఉంది. చేతికి పెంట అంటి ఉందన్న సోయి కూడా లేకుండా మా యారాలి దగ్గరికి ఉరికాను. యారాలు అంటే బావ పెండ్లాం. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది.

"అక్కా, గిదేంది? మా పిల్లలకు మీ గుర్తేంది?"

"నాకేమెర్క? చెవులు కోసేది మొగోళ్లు" అంది. చాట మీది నుంచి తల ఎత్తలేదు.

బావ లోపలి నుంచి వచ్చాడు. ఆయన గొంతు అప్పుడు కూడా మెత్తగానే ఉంది. అదే నాకు ఇప్పటికీ మరుపు రాదు.

"ఆగమాగంల కోసిండ్రు పిల్లా. వాడు రానీ, సూస్కుందాం. గిప్పుడు నువ్వు లొల్లి పెట్టినవనుకో, జమానతుకు నేను యాడికెల్లి వస్త? నీకు చెవులు కావాల్నా, మొగడు కావాల్నా?"

ఆయన సంతకం మీద నా ఇల్లు ఆగి ఉంది. పెంట తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాను.

ఆ వారం ములాఖత్‌లో ఆయన మళ్లీ అడిగాడు.

"మంద ఊరికి వచ్చిందంట గద. చెవులు సూసినవా?"

"సూసిన."

"మన గుర్తేనా?"

జాలీకి అటు ఆయన కళ్లు గుంటలు పడి ఉన్నాయి. లోపల ఉండి ఏం చేయగలడు, తెలిస్తే తిండి మానేస్తాడు అనుకున్నాను.

"మన గుర్తే."

"బొల్లి పిల్లది?"

"దానిది కూడ. కుడి చెవే."

లోపలికి పోయిన తర్వాత ఆయన నవ్వడం చూసింది ఆ ఒక్క రోజే.

బయటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాను. పక్కన ఒకామె కూర్చుని ఉంది. నల్గొండ మనిషే, కొడుకు లోపల ఉన్నాడు, వారం వారం ముఖం చూసిన పరిచయం. అంగన్‌వాడీలో పని చేస్తుంది.

"ఎందుకేడుస్తున్నవ్ అక్కా? బెయిలు రాలేదా?"

"రాలేదమ్మా. ఆరు నెలలాయె."

"కాయితాలేమన్న ఉన్నయా? ఇటియ్యి."

కవరు ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వేలు ఆనించి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"అక్కా, ఎవరు చెప్పిండ్రు నీకు రాలేదని? బెయిలొచ్చి రెండు నెలలు దాటింది. గిదే ఆ ఆర్డరు. ఇద్దరు మనుషులు జమానతు సంతకం పెట్టాలంట. పెట్టినోళ్లు లేక నీ పెనిమిటి ఈడనే ఉన్నడు."

"ఇంకోసారి సదువమ్మా."

ఆమె ఇంకోసారి చదివింది. మూడోసారి కూడా చదివించుకున్నాను. విడుదల కాగితాన్ని నా చేతికే ఇచ్చి రెండు నెలలు నా సంచిలోనే మోయించాడు మా బావ. నాకు చదువు రాదని ఆయనకు అంత నమ్మకం.

ఆయన నాతో ఒకటి, తమ్ముడితో ఒకటి చెప్పాడని తర్వాత తెలిసింది. "బెయిలొచ్చింది, జమానతు కాయితాలు తిప్పుతున్న తమ్మీ" అని ఫోనులో చెప్పేవాడట. నాకు కూడా తెలుసుననుకుని మా ఆయన ములాఖత్‌లో ఆ మాట ఎత్తలేదు. ఇద్దరి మధ్యా జాలీ ఒకటే అనుకున్నాను. బావ కూడా ఉన్నాడు.

మూడో రోజున మా దొడ్డిలో బొచ్చు కత్తిరింపు. ఈ రోజుల్లో ఆ బొచ్చు కొనేవాడు లేడు కానీ కత్తిరించకపోతే వానకు గొర్రె రోగాన పడుతుంది. ఒకరి మంద కత్తిరింపుకు అందరూ వస్తారు, వండి పెట్టాలి. ఇరవై మంది వరుసగా కూర్చుని గొర్రెల కాళ్లు కట్టి కత్తెరలు ఆడిస్తున్నారు. నేను అన్నం గంప దించి, అందరి మధ్య నిలబడి చెప్పాను.

"నా మొగడు మంద వెంట లేడు, కాల్వ కాడ లేడు. నల్గొండ జైల్ల ఉన్నడు. కొట్టింది ఈయన, పోయింది ఆయన. బెయిలొచ్చి రెండు నెలలైంది. సంతకం పెడ్తనన్న పెద్దమనిషి గీడనే కూసొని మా పిల్లల బొచ్చు కత్తిరిస్తుండు."

కత్తెరలు ఆగాయి. బావ గొర్రె మీద నుంచి చేయి తీయకుండానే అన్నాడు.

"ఆరు నెలల సంది మంద వెంట ఉన్నడని ఊరంత చెప్పింది ఎవరు? నేనా? మీరే చెప్పుండ్రి. ఆ నోటితోనే గిప్పుడు జైలంటుంది. రేపేమంటదో."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ చెప్పింది నేనే మరి. ఎవరిని అడిగినా నా నోటి నుంచే విన్నామంటారు. ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "ఇంటి సంగతి ఇంట్ల మాట్లాడుకోండ్రమ్మా" అన్నాడు. కత్తెరలు మళ్లీ ఆడాయి. అన్నం కూడా తిన్నారు. వడ్డించింది నేనే.

మరునాడు పొద్దున వదిన వచ్చింది. గడప దాటకుండా నిలబడి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"ఆర్నెల్లు నా పక్క సాలుల పత్తి ఏరుకుంట అబద్ధం ఆడినవ్ గదనే."

"తప్పైంది వదినా."

"నా బిడ్డకు కామెర్లయితె నీ ముంగట ఏడ్వలే నేను? నేనేమన్న పరాయిదాన్నా? నోరుమూస్కొని చీర కట్టు. బస్సు పోతది."

ఆమె చేతిలో గుడ్డ సంచి. సంచిలో ఆమె ఎకరన్నర భూమి పాసు పుస్తకం. వాళ్ల ఇంటి పేరు మీద మూడు తరాలకు మొదటిసారి వచ్చిన భూమి అది. ఆ పుస్తకాన్ని ఆమె బైబిలు పక్కన పెట్టుకుంటుంది. రెండో సంతకానికి నా తమ్ముడికి ఫోను చేశాను. వాడు నాలుగు తిట్లు తిట్టి, మధ్యాహ్నానికల్లా కోర్టు దగ్గర ఉన్నాడు. కోర్టులో డబ్బు తీసుకోని వకీలును ఇచ్చే ఆఫీసు ఒకటి ఉంటుంది. అక్కడి వకీలు మేడం కాగితాలన్నీ రాయించింది. రెండు నెలలు ఆగిన పని నాలుగు రోజుల్లో అయింది. అది తలుచుకుంటే బావ మీద కంటే నా మీద నాకే ఎక్కువ మండుతుంది.

విడుదలైన రోజు బస్సులో ఆయనకు బావ సంగతి మొత్తం చెప్పాను. కిటికీలోంచి చూస్తూ విన్నాడు. "అన్నకు షుగరు గద" అని ఒక్కసారి అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. చెవుల సంగతి మాత్రం చెప్పలేకపోయాను. దేవరకొండలో చెప్దామనుకున్నాను, కల్వకుర్తిలో చెప్దామనుకున్నాను. ఊరు వచ్చేసింది.

ఇంట్లోకి కూడా రాకుండా దొడ్డికే పోయాడు. బొల్లి ఆయనను గుర్తుపట్టి వచ్చి మోకాలికి తల రాసింది. వెనకాలే దాని పిల్ల. ఆయన వంగి కుడి చెవి పట్టుకున్నాడు. బొటనవేలితో అంచు వెంట పోయాడు. మళ్లీ మొదటి నుంచి పోయాడు. ఎడమ చెవి పట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"ములాఖత్ల నువ్వు చెప్పింది గీ చెవేనా?"

నేను పెంట తట్ట అందుకున్నాను.

"అన్న మోసం చేసిండని బస్సుల చెప్పినవ్. ఇనుకుంట కూసున్న. నువ్వెందుకు చెప్పినవే అబద్ధం? లోపల నేను పండుకునేటప్పుడు ఆ చెవి తలుసుకొని పండుకున్న."

కులపెద్దలు కూర్చుని మందను వేరు చేశారు. చెవి ఎవరిదైతే గొర్రె వాళ్లది, తాతల కాలం నుంచి అంతే అన్నారు. మా ఆయన కూడా కాదనలేదు, చిన్నప్పటి నుంచి ఆయన నమ్మింది కూడా ఆ మాటే. కుడి చెవి గొర్రెలు మా వాకిట్లోకి వచ్చాయి. వాటి పిల్లలన్నీ ఎడమ చెవులేసుకుని బావ దొడ్డిలోకి పోయాయి. బొల్లి మూడు రోజులు అరిచింది. ఆ అరుపు రెండిళ్లకూ వినిపించింది.

కేసు ఇంకా నడుస్తోంది. కర్ర ఎవరిదో వకీలు మేడంకు ఆయన ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వాయిదాలకు ఇద్దరం కలిసే పోతాం. జైలు గేటు దగ్గర మూటలు పట్టుకుని నిలబడ్డ కొత్త ఆడవాళ్లు కనిపిస్తే ఆగి నాకు తెలిసింది చెప్తాను. జిరాక్సులు, ఫోను నంబరు, ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా ఇద్దరి చేత చదివించుకోవడం. చివరగా ఒకటి చెప్తాను. లోపల ఉన్న మనిషికి కష్టమైనా సరే ఉన్నదే చెప్పండి, వాళ్లకు బయట మీ కళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ ఆడవాళ్లు తల ఊపుతారు. నేనూ ఒకప్పుడు అలాగే ఊపేదాన్నేమో.

ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు, కూడు మానలేదు. ఒక్కటే మారింది. ఇప్పుడు ఏ మాటైనా నన్ను రెండుసార్లు అడుగుతాడు. నిన్న కూడా పొయ్యి దగ్గర అడిగాడు.

"తిన్నవా?"

"తిన్న."

గిన్నె మూత తీసి చూసి, మళ్లీ అడిగాడు.

"నిజంగ తిన్నవా?"